విభేదించి నిలిచినవాడు: బిషప్ కొలెన్సో రచనలు

మతసాహిత్య చరిత్రలో సంఘాన్ని విడిచి వెళ్ళినవారి గ్రంథాలకు లభించిన ప్రతిష్ఠ, విభేదించి కూడా అందులోనే నిలిచిపోయినవారి గ్రంథాలకు లభించలేదు. కారణం స్పష్టమే. విడిచి వెళ్ళడం ఒక కథ. దానికి ఆరంభం ఉన్నది, సంకటం ఉన్నది, నిర్ణయం ఉన్నది, నిర్ణయం తరువాతి శాంతి ఉన్నది. నిలిచిపోవడంలో అట్టి కథాసంవిధానం కానరాదు. అది ప్రతి ఆదివారమూ మళ్ళీ చేసుకోవలసిన నిర్ణయం. ఇంగ్లండులో జాన్ హెన్రీ న్యూమన్ 1845 లో ఆంగ్లికన్ సంఘాన్ని వదలి రోమన్ కాథలిక్ సంఘంలో చేరినాడు. ఆ ప్రయాణాన్ని వివరిస్తూ 1864 లో ఆయన ప్రకటించిన ఆత్మకథ ఆంగ్ల గద్యంలో ఉత్తమ గ్రంథాలలో ఒకటిగా నిలిచినది. సరిగ్గా ఆ సంవత్సరాలలోనే అదే ఆంగ్లికన్ సంఘానికి చెందిన మరొక మతాచార్యుడు తన విశ్వాసం తోటి బిషప్పుల విశ్వాసంతో ఏకీభవించదని అచ్చులో ప్రకటించినాడు. పదవినుండి తొలగించినామని వారు తీర్పు చెప్పినా తొలగిపోనని నిలిచినాడు. ఆయన జాన్ విలియం కొలెన్సో (1814–1883), దక్షిణాఫ్రికాలోని నేటాల్ వలసరాజ్యానికి తొలి ఆంగ్లికన్ బిషప్పు. చరిత్రకారులు ఆయనను మరచిపోలేదు. 1983 లో జెఫ్ గై వ్రాసిన జీవితచరిత్ర అందుకు సాక్ష్యం. సాహిత్యపరులు మాత్రం ఆయన రచనలను తెరచి చూడడం అరుదు.

నేటాల్ తెలుగువారికి పరాయి పేరు కాదు. మద్రాసునుండి వచ్చిన ట్రూరో అనే ఓడ 1860 నవంబరు 16న డర్బన్ రేవు చేరినది. ఒప్పందపు కూలీలను భారతదేశంనుండి ఆ గడ్డకు తెచ్చిన మొదటి ఓడ అది. ఆనాడు మొదలైన వలసలో తెలుగు కుటుంబాలు అనేకం ఉన్నవి. 1893 లో గాంధీజీని రైలుపెట్టెనుండి దింపివేసిన పీటర్‌మారిట్జ్‌బర్గ్ ఆ రాజ్యానికి ముఖ్యపట్టణం. కొలెన్సో పీఠమున్న చర్చి ఆ ఊళ్ళోనే ఉన్నది. గాంధీజీ అక్కడ అడుగుపెట్టేనాటికి ఆయన మరణించి పదేండ్లయినది.

కొలెన్సో స్వభావతః గణితజ్ఞుడు. కార్న్‌వాల్ సీమలో పుట్టి, 1836 లో కేంబ్రిడ్జి గణితపరీక్షలో రెండవవాడుగా నెగ్గి, హారో పాఠశాలలో ఉపాధ్యాయత్వం చేసినాడు. అంకగణితం మీద, బీజగణితం మీద ఆయన వ్రాసిన పాఠ్యగ్రంథాలు ఆంగ్ల పాఠశాలల్లో చిరకాలం చెల్లినవి. 1853 లో బిషప్పుగా నియమితుడై 1855 లో కుటుంబంతో నేటాల్‌లో స్థిరపడినాడు. ముఖ్యపట్టణానికి సమీపాన ఆయన నెలకొల్పిన మిషనుకు ఎకుఖన్యేని అని పేరు. జూలూ భాషలో వెలుగున్న చోటు అని అర్థం. అక్కడ ఒక బడి, ఒక అచ్చుకూటం వెలసినవి. జూలూ వ్యాకరణమూ, 1861 లో ప్రకటితమైన జూలూ–ఆంగ్ల నిఘంటువూ ఆయన కృషి. ఆదికాండం, నిర్గమకాండం, సమూయేలు గ్రంథాలు, కొత్త నిబంధన జూలూలోనికి తెచ్చినాడు. జూలూ ప్రజలు ఆయనను సొబంటు అన్నారు. జనులకు తండ్రి అని ఆ మాటకు అర్థం.

ఆయన విభేదాన్ని వేదాంత గ్రంథాలనుండి వచ్చినదిగా చెప్పడం పరిపాటి. ఆయన రచనలను వరుసగా చదివితే అది నిఘంటువునుండి మొదలైనదని బోధపడుతుంది. జూలూలో దేవుని ఏ మాటతో చెప్పాలి? అప్పటి మిషనరీలు పలువురు పొరుగు భాషనుండి వచ్చిన ఉతిక్సో అనే పదం వాడేవారు. అది జూలూ వానికి పరాయి మాట. పరాయి మాట కనుకనే వారికి సదుపాయం, పాత విశ్వాసాల వాసన దానికి అంటదు. కొలెన్సో 1854 లో తొలిసారి ఆ దేశంలో పదివారాలు తిరిగినప్పుడే జూలూ పెద్దలను వారి మాటలేవో అడిగి తెలుసుకున్నాడు. ఉన్‌కులున్‌కులు అని, ఉమ్‌వెలిన్‌కాంగి అని వారు చెప్పినారు. మొదటిది మహత్తుకు, ప్రాచీనతకు సంబంధించినది. రెండవదానికి అన్నిటికన్న ముందు ఆవిర్భవించినవాడని అర్థం. ఈ మాటలే బైబిలుకు చాలునని కొలెన్సో వాదించినాడు. అనువాదకులకు దీని పర్యవసానం వెంటనే స్ఫురిస్తుంది. ఒక జాతి భాషలో దేవునికి తగిన మాట ముందే ఉన్నదని ఒప్పుకున్నవాడు, ఆ జాతికి దేవుని ఎరుక ముందే ఉన్నదని ఒప్పుకున్నట్లే. ఆ జాతి పూర్వులందరూ నిత్యనరకంలో ఉన్నారని ఆ తరువాత బోధించడానికి అతనికి నోరు రాదు. 1861 లో ప్రకటించిన రోమా పత్రిక వ్యాఖ్యానంలో కొలెన్సో నిత్యనరక సిద్ధాంతాన్ని నిరాకరించినాడు. క్రీస్తు మరణం దేవుని కోపానికి చెల్లించిన మూల్యమనే సిద్ధాంతాన్నీ నిరాకరించినాడు. సంఘం ఆయనను అనుమానించడం ఆ గ్రంథంతోనే మొదలైనది.

అయితే ఆయన పేరును ఇంగ్లండు నలుమూలలకు మోసుకుపోయినది 1862 లో వెలువడిన మరొక గ్రంథం: మోషే పంచకాండాలు, యెహోషువ గ్రంథాల విమర్శ. 1879 వరకు ఏడు భాగాలుగా సాగిన ఈ బృహద్గ్రంథానికి మూలం ఒక ప్రశ్న అని మొదటి భాగపు పీఠికలో ఆయన చెప్పుకున్నాడు. జలప్రళయ కథను జూలూలోనికి తెస్తున్నప్పుడు, అనువాదంలో తనకు తోడుగా ఉన్న జూలూవాడు ఇదంతా నిజమేనా అని అడిగినాడు. వేడి దేశాల జంతువులు, చలి దేశాల జంతువులు జతలు జతలుగా నడచి వచ్చి ఓడ ఎక్కినవని మీరు నిజంగా నమ్ముతున్నారా, వాటన్నిటికీ మేత ఎవరు కూర్చినారు అని అతని సందేహం. అడిగినవాడు విలియం న్గిడి అని చరిత్రకారులు గుర్తించినారు. కొలెన్సో భూగర్భశాస్త్రం చదివినవాడు. ఆ కథ చరిత్ర కాదని ఆయన మనసుకు తెలుసు. తెలిసి కూడా అవునని చెప్పడం దేవుని పేర అబద్ధమాడడమే అవుతుందని ఆయనకు తోచినది.

ఒక జూలూవానిని మార్చడానికి వెళ్ళిన బిషప్పును జూలూవాడే మార్చినాడని ఇంగ్లండులో పరిహాసాలు పుట్టినవి. ఆ పరిహాసంలోని తిరస్కారం సంగతి అటుంచితే, అందులోని విషయం సత్యమే. ఆ సత్యాన్ని కొలెన్సో తానే తన పీఠికలో మొదట నిలిపినాడు. యూరపులో పండితుల మధ్య అప్పటికే ఈ విమర్శ ఎంతో నడచినది. జర్మను పండితులు ఆయనకన్న ఎంతో ముందున్నారు. వారి పేర్లు చెప్పుకొని గౌరవంగా గ్రంథం ప్రారంభించే అవకాశం ఆయనకున్నది. అందుకు బదులు, తన సంఘం దృష్టిలో శిష్యుడుగా ఉండవలసిన ఒక ఆఫ్రికావాని ప్రశ్నను ఆయన ముందు పెట్టినాడు.

గ్రంథం మాత్రం రసహీనం. ఇది దాచవలసిన విషయం కాదు. ఆయుధం పట్టగల పురుషులు ఆరు లక్షలు ఉన్నారని మూలం చెబితే, స్త్రీ బాలవృద్ధులతో జనసంఖ్య ఎంత కావలె? అంతమంది ఒక గుడారపు ద్వారం ముందు ఎట్లా సమావేశమైనారు? ముగ్గురు యాజకులు అందరి బలులనూ ఎట్లా నిర్వహించినారు? ఒక్క రాత్రిలో పస్కా పండుగకు ఎన్ని గొర్రెపిల్లలు దొరకవలె? ఈ తీరున అధ్యాయం వెంట అధ్యాయంగా లెక్కలు సాగుతవి. అంకగణిత పాఠ్యపుస్తకం వ్రాసిన చెయ్యి ప్రతి పుటలోనూ కనిపిస్తుంది.

ఆ గ్రంథాన్ని సాహిత్య విమర్శ పక్షాన మొదట ఎదుర్కొన్నవాడు మాథ్యూ ఆర్నాల్డ్. 1863 జనవరిలో మాక్మిలన్ పత్రికలో ప్రకటించిన వ్యాసంలో ఆయన కొలెన్సోను స్పినోజాతో పోల్చి తూచినాడు. మతాన్ని గూర్చిన గ్రంథం పామరుని ఆత్మకు మేలైనా చేయవలె, పండితుని జ్ఞానానికి కొత్తదేమైనా చేర్చవలె. ఈ బిషప్పు లెక్కలు రెండింటిలో ఏదీ చేయలేదని ఆయన వాదసారం. 1864 లో విమర్శ కర్తవ్యాన్ని గూర్చి వ్రాసిన ప్రసిద్ధ వ్యాసంలో ఆర్నాల్డ్ మళ్ళీ ఈ విషయం ఎత్తినాడు. స్పినోజాతో పోలిస్తే కొలెన్సో చిన్నవాడే. శైలి దృష్టితో ఆర్నాల్డ్ తీర్పును మార్చవలసిన అవసరం నేటికీ లేదు.

కాని ఆ తీర్పులో ఒక లోపం ఉన్నది. ఆర్నాల్డ్ లెక్కించిన పాఠకులు ఇద్దరే: ఇంగ్లండులోని పామరుడు, ఇంగ్లండులోని పండితుడు. పీఠికలోనే నిలుచున్న మూడవ పాఠకుని ఆయన లెక్కలోనికి తీసుకోలేదు. న్గిడి పండితుడు కాడు. ఆర్నాల్డ్ భావించిన పామరుడు అంతకన్న కాడు. తన భాషలోనికి ఒక పరాయి పురాణం వచ్చి చేరుతుంటే, ఆ పని చేస్తున్నవానిని సాక్ష్యం అడిగినవాడు అతడు. అతనికి ఆ కథ చరిత్రగా బోధింపబడినది. కనుక అతని ప్రశ్న చరిత్రను గూర్చినదే, దానికి సమాధానమూ చరిత్ర పరిభాషలోనే రావలె. ఓడ పొడవు, జంతువుల సంఖ్య, మేత బరువు అక్కడ అపహాస్యాలు కావు.

ఆర్నాల్డ్ తరువాతి జీవితం ఈ వివాదానికి మంచి వ్యాఖ్యానం. 1873 లో ఆయన బైబిలు భాష శాస్త్రభాష కాదని, సాహిత్యభాష అని ఒక గ్రంథం వ్రాసినాడు. 1876 నాటి వ్యాసంలో, సంఘపు విశ్వాసప్రమాణాలను అక్షరార్థంలో నమ్మనివాడు కూడా వాటిని కవిత్వంగా గ్రహించి సంఘంలో ఉండవచ్చునని సమర్థించినాడు. అంటే ఆయన కూడా నిలిచిపోయినవాడే. ఆయన మార్గం సుందరమైనది. కొలెన్సోకు ఆ మార్గం తోచలేదన్న మాట ఒప్పుకోవలె. జలప్రళయ కథలో ఒక జాతి భయం, పశ్చాత్తాపం, ఆశ ఉన్నవని ఆయన లెక్కలు పాఠకునికి చెప్పవు. ఒక గొప్ప పురాణగాథ ముందు నిలిచి నిజమా అబద్ధమా అని మాత్రమే అడగడం సాహిత్య దృష్టికి దారిద్ర్యమే. అయినా ఆర్నాల్డ్ మార్గానికి ఒక వెల ఉన్నది. కవిత్వంగా గ్రహించే హక్కు చదువుకున్నవానికి దక్కుతుంది. పీఠం ముందు మోకరించిన మిగిలినవారు దానిని చరిత్రగానే నమ్ముతూ ఉంటారు. నేను దీనిని కవిత్వంగా భావిస్తున్నానని బిషప్పు మనసులో అనుకొని, బయట అవునని తల ఊపితే, న్గిడికి దక్కేది అబద్ధమే.

ఇక నిలిచిపోవడం న్యాయమా అన్న ప్రశ్న. కొలెన్సోపై విచారణ జరిపిన కేప్‌టౌన్ బిషప్పు రాబర్ట్ గ్రే సంకుచితుడని తేల్చివేయడం సులభం, అన్యాయం. గ్రే వాదం బలమైనది. మతగురువుగా దీక్ష తీసుకునే దినాన పవిత్ర గ్రంథాలన్నిటినీ నిష్కపటంగా నమ్ముతున్నానని ప్రమాణం చేసినవాడు, ఆ నమ్మకం పోయినప్పుడు ఆ ప్రమాణం వల్ల వచ్చిన పదవిని, జీతాన్ని ఎట్లా ఉంచుకుంటాడు? కాపలాకు పెట్టినవాడే కోటగోడలో రాళ్ళు పీకుతుంటే ఊరుకోవడం ఎట్లా? ఇంగ్లండు బిషప్పులలో అధికసంఖ్యాకులు 1863 లో కొలెన్సోను రాజీనామా ఇమ్మని కోరినారు. నిత్యనరకాన్ని సందేహించినందుకు 1853 లో లండను కింగ్స్ కళాశాలలో ఆచార్యపదవి కోల్పోయిన ఎఫ్. డి. మారిస్, కొలెన్సోకు గురుతుల్యుడు, ఆయన సైతం రాజీనామాయే ధర్మమన్నాడు. మీరు మీ చర్చిలో ఉండరాదనేవారు కూడా ఎందరో ఉన్నారు గదా అని కొలెన్సో బదులు చెప్పినాడు. ఆ మాట తగిలి మారిస్ తానే పదవి విడువబోయి, మిత్రుల బలవంతం మీద ఆగినాడు. విభేదించి నిలిచిన ఒకడు, విభేదించి నిలిచిన మరొకనికి హద్దు గీయడం ఎంత కష్టమో ఈ సంఘటన చెబుతుంది.

కొలెన్సో సమాధానం న్యాయశాస్త్ర సంబంధమైనది. ఆంగ్లికన్ సంఘం చట్టంచేత స్థాపితమైనది. అందులో ఏది చెప్పవచ్చునో ఏది చెప్పరాదో నిర్ణయించేది చట్టమే గాని, ఒక బిషప్పు ఇష్టం కాదు. 1863 డిసెంబరులో గ్రే ఆయనను పదవీచ్యుతుని చేసినట్లు తీర్పు చెప్పినాడు. 1865 మార్చిలో లండనులోని ప్రివీ కౌన్సిలు ఆ తీర్పు చెల్లదన్నది. 1866 లో గ్రే ఆయనను సంఘంనుండి బహిష్కరించినాడు. 1869 లో మాక్రోరీ అనే మరొక బిషప్పును అభిషేకించి అదే ఊరికి పంపినారు. ఒక చిన్న పట్టణంలో ఇద్దరు బిషప్పులు, రెండు చర్చిలు, రెండుగా చీలిన కుటుంబాలు. ఈ కలహంలో గ్రే పక్షాన 1866 లో శామ్యూల్ జాన్ స్టోన్ వ్రాసిన సంఘైక్య గీతం నేటికీ ప్రపంచమంతటా చర్చిలలో పాడుతూనే ఉన్నారు. పాడేవారిలో చాలామందికి అది ఎవరిని ఉద్దేశించి పుట్టినదో తెలియదు.

ఇక్కడ విమర్శకుడు రెండు విషయాలు దాచకుండా చెప్పవలె. విడిచిపోతే సంఘం చీలుతుందని చెప్పి నిలిచిపోయేవారున్నారు. కొలెన్సో నిలిచినందువల్లనే ఆ ఊళ్ళో సంఘం చీలినది. మనస్సాక్షి పేర మొదలైన పోరాటానికి చివరకు ఆధారమైనది రాణి న్యాయస్థానం. రాజ్యం అండ లేని వేరొక సంఘంలో ఆయన ఉండి ఉంటే మొదటి తీర్పుతోనే కథ ముగిసి ఉండేది. కనుక ఆయన నిలబడడాన్ని కేవల నైతిక విజయంగా వర్ణించడం కుదరదు.

అయినా ఆ నిలబడడం దేనికి ఉపయోగపడినదో చూడవలె. ఫలితం తెలియడానికి పదేండ్లు పట్టినది. 1873 లో నేటాల్ ప్రభుత్వం తుపాకుల నమోదు విషయంలో హ్లూబి తెగ నాయకుడు లంగాలిబలేలేపై సేనను పంపినది. పట్టుబడిన నాయకుని న్యాయపద్ధతికి విరుద్ధంగా విచారించి రాబెన్ ద్వీపానికి పంపినారు. కొలెన్సో ఆ విచారణ అక్రమాన్ని సాక్ష్యాధారాలతో బయటపెట్టి, 1874 లో ఇంగ్లండు వెళ్ళి మంత్రి ముందు వాదించినాడు. సాక్ష్యాలను ఒకదానితో ఒకటి పోల్చి వైరుధ్యాలు పట్టే విద్య ఆయనకు పంచకాండాల మీద అలవడినదే. ఆర్నాల్డ్ నవ్విన ఆ శుష్క గణితం ఇప్పుడు ఒక మనిషి ప్రాణానికి, ఒక తెగ భూమికి సంబంధించిన కాగితాల మీద పనిచేసినది. గ్రేతో కలహంలో ఆయనను సమర్థించిన తెల్లవారే ఈసారి ఆయనను వదలిపోయినారు. జలప్రళయాన్ని కాదంటే వారు సహించినారు, నల్లవానికి అన్యాయం జరిగినదంటే సహించలేకపోయినారు.

1879 జనవరి 22న ఇసాండ్ల్వానా వద్ద జూలూ సేన బ్రిటిషు సేనను ఓడించినది. వెయ్యికి పైగా సైనికులు కూలినారు. నేటాల్ తెల్లవారి ఇళ్ళల్లో శోకం, కోపం నిండి ఉన్న ఆ రోజులలో, మార్చి 12న, ప్రార్థనాదినంగా ప్రకటించిన సందర్భాన, కొలెన్సో తన చర్చిలో ప్రసంగించినాడు. న్యాయం చేయడం, కనికరాన్ని ప్రేమించడం, దేవుని ఎదుట వినయంగా నడవడం తప్ప మనిషినుండి దేవుడు కోరేదేమిటని మీకా ప్రవక్త అడిగిన చోటును ఆయన ఎత్తుకున్నాడు. జూలూలపట్ల ఇంగ్లీషువారి నడవడి ఈ మూడింటికి తూగినదా అని, ఒక్కొక్క వాగ్దానాన్ని, ఒక్కొక్క ఆక్రమణను పేరుపెట్టి అడిగినాడు. చచ్చినవారికి ఆయన దుఃఖించినాడు; రెండు పక్షాలవారికీ దుఃఖించినాడు.

ఆయన రచనలలో సాహిత్యం అనదగినది ఈ ప్రసంగం. వాక్యం పొడిగానే ఉన్నది, అలంకారం లేదు. కాని పీఠంమీద నిలిచినవాడు తప్ప మరొకడు ఆ మాటలను ఆ శ్రోతలకు చెప్పలేడు. 1863 లో బిషప్పులు కోరినట్లు రాజీనామా ఇచ్చి ఇంగ్లండులో కూర్చున్నట్లయితే, యుద్ధాన్ని నిరసించే అనేక కరపత్రాలలో ఆయన కరపత్రం ఒకటయ్యేది. పాత నిబంధనలోని సంఖ్యలను నమ్మని మనిషి, పాత నిబంధనలోని ప్రవక్త మాటను తన రాజ్యానికి తీర్పుగా వినిపించినాడు. ఆయన శత్రువులు అనుకున్నట్లు ఆయనకు ఆ గ్రంథం మీద భక్తి పోలేదు. ప్రతి సంఖ్యా నిజమని నమ్మినవారు చాలామంది ఆ వారం మరొక విధంగా ప్రార్థించినారు.

1883 జూన్ 20న ఆయన మరణించినాడు. తన చర్చిలోనే ఆయనను సమాధి చేసినారు. రాతిపై చెక్కినది సొబంటు అన్న ఒక్క జూలూ మాట. కుమార్తెలు హారియెట్, ఫ్రాన్సెస్ జూలూ రాజవంశం పక్షాన ఆయన పనిని కొనసాగించినారు. సాహిత్యానికి మరింత ముఖ్యమైన ఫలం వేరొకటి. ఎకుఖన్యేనిలో బాలుడుగా చేరి, అచ్చుపని నేర్చి, కొలెన్సో జూలూ గ్రంథాలకు అక్షరాలు కూర్చిన మగేమా ఫూజే, తన వృద్ధాప్యంలో నల్లజనుల పుట్టుకను గూర్చి జూలూలో ఒక చరిత్ర వ్రాసినాడు. 1922 లో అచ్చయిన ఆ పుస్తకాన్ని జూలూ మాతృభాషగా గలవాడు ఆ భాషలో ప్రకటించిన మొదటి గ్రంథంగా పరిగణిస్తారు. 1979 లో దానికి ఆంగ్లానువాదం వచ్చినది. ఒక జూలూవాని ప్రశ్నతో మొదలైన రచనావ్యాసంగం ఇంకొక జూలూవాని స్వంత గ్రంథానికి దారి వేసినది.

విభేదించి నిలిచిపోవడం అన్ని వేళలా గొప్పది కాదు. పదవీవ్యామోహం దానికి మనస్సాక్షి పేరు పెట్టుకోవడం ప్రతి దేశంలోనూ ఉన్నదే. అది దేనితో తెలుసుకోవలె అంటే, కొలెన్సో జీవితం ఒక కొలత ఇస్తున్నది. నిలిచినవాడు తన విభేదాన్ని దాచుకున్నాడా, చెప్పినాడా? నిలిచిన స్థానాన్ని తనకోసం వాడుకున్నాడా, ఆ స్థానం లేనివారికోసం వాడినాడా? విడిచి వెళ్ళిన న్యూమన్ తన ఆత్మకు జవాబు చెప్పుకున్నాడు. అది ఉత్తమ సాహిత్యమైనది. నిలిచిన కొలెన్సో తన పక్కన కూర్చున్న సహాయకునికి జవాబు చెప్పినాడు. ఆ జవాబు నిఘంటువుగా, లెక్కల పుస్తకంగా, న్యాయస్థానపు కాగితంగా, ఒక ప్రసంగంగా చెల్లాచెదరై ఉన్నది. వాటిని ఒకచోట చేర్చి చదవనందువల్లనే ఆయనను శుష్క రచయిత అని సాహిత్యలోకం పక్కన పెట్టినది.

1862 నాటి పీఠిక, 1879 నాటి ప్రసంగం, ఫూజే చరిత్రలోని కొన్ని అధ్యాయాలు కలిపితే తెలుగులో ఒక చిన్న సంపుటమవుతుంది. నేటాల్ గడ్డమీద తెలుగు పలికిన తరాలు ఉన్నవి కనుక ఆ సంపుటానికి తెలుగులో చోటు ఉండడం సమంజసం. ఆ పనికి పూనుకునే అనువాదకునికి ఒక్కటే కష్టం ఎదురవుతుంది: తన ముందున్న వాక్యాన్ని తాను నమ్ముతున్నాడా అని అడిగే పాఠకుడు తెలుగులో కూడా ఉంటాడు.